రెండు నుమాయిషులు

భారతదేశంలో ఉన్నత విద్య మహావృక్షంలా పెరుగుతున్నదనీ, ఆ చెట్టు నీడకు ప్రపంచం నలుమూలల నుంచీ విద్యార్థులు రాబోతున్నారనీ కొన్నేళ్ళుగా మనకు చెబుతున్నారు. మంత్రులు చెబుతున్నారు, వైస్ ఛాన్సలర్లు చెబుతున్నారు, పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు చెబుతున్నాయి. ఈ మాటను ఎదిరించి రాసినవాణ్ణి దేశం బాగుపడటం ఇష్టంలేనివాడంటారు. అననివ్వండి. ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి నేను. అంకెలంటే నాకు భయం లేదు. అంకెను ముందుపెట్టి అసలును వెనక దాచేవాళ్ళతోనే నా పేచీ.

కాబట్టి ముందు అంకెలే చూద్దాం.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో విశ్వవిద్యాలయాలు సుమారు 20, కళాశాలలు సుమారు 500. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2021–22 నాటికి విశ్వవిద్యాలయాలు 1,168, కళాశాలలు 45,473, విద్యార్థులు 4 కోట్ల 33 లక్షలు. ఇది చిన్న పెరుగుదల కాదు. కూలి చేసుకునేవాళ్ళ కూతురూ, మగ్గం మీద బతికేవాళ్ళ కొడుకూ కాలేజీ మెట్లెక్కారంటే అది ప్రజలు పోరాడి సాధించుకున్నది. దాన్ని నేను తక్కువ చేసి చెప్పను.

కాని అదే సర్వేలో మరొక అంకె వుంది. మన దేశంలో చదువుతున్న విదేశీ విద్యార్థులు 46,878 మంది. అంటే ప్రతి 920 మందిలో సుమారుగా ఒక్కరు. 2018లో కేంద్ర ప్రభుత్వం ‘స్టడీ ఇన్ ఇండియా’ అనే పథకం పెట్టి, ఈ సంఖ్యను కొద్ది ఏళ్ళలోనే లక్షన్నర, రెండు లక్షల దాకా తీసుకుపోతామన్నది. ఆ పథకానికి ముందు, 2017–18లో, విదేశీ విద్యార్థుల సంఖ్య 46,144. నాలుగేళ్ళ ఆర్భాటం తర్వాత పెరిగినవారు 734 మంది. మధ్యలో కోవిడ్ వచ్చిందంటారు. నిజమే. కాని 2019–20 లెక్కలో కూడా ఆ సంఖ్య యాభై వేలు చేరలేదు. 2021–22లో వచ్చినవారిలో నూటికి 28 మంది నేపాల్ విద్యార్థులు. వారు మన సరిహద్దు దాటడానికి వీసా అయినా అక్కర్లేదు. వారు ఏ పథకం చూసి వచ్చినట్టు?

ఇక మూడో అంకె. 2024లో విదేశాల్లో చదువుతున్న మన విద్యార్థులు 13 లక్షల 35 వేలకు పైగా వున్నారని విదేశాంగ శాఖే పార్లమెంటుకు చెప్పింది. లెక్కలు ఒకే ఏటివి కాకపోయినా తేడా ఎంతటిదో తెలుస్తూనే వుంది. ఒకరు లోపలికి వస్తుంటే ఇరవై ఎనిమిది మంది బయట వున్నారు. జగద్గురువు ఇంట్లో పిల్లలు పొరుగూరి బడికి పోతున్నారన్నమాట.

ఈ మూడు అంకెలూ మనుషులై కనబడే చోటు ఒకటి హైదరాబాదులో వుంది. ఆదివారం నాటి అబిడ్స్. ఆ రోజు పెద్ద దుకాణాలకు తాళాలు పడతాయి. వాటి ముందు పేవుమెంట్ల మీద పాత పుస్తకాలు పరుస్తారు. నలభై ఏళ్ళుగా నేను అక్కడికి పోతున్నాను. ఆ పేవుమెంటు మీద పుస్తకాలను బట్టి ఈ నగరంలో చదువు ఎటు పోతున్నదో చెప్పవచ్చు. ఒకప్పుడు మాస్కో ముద్రణలు దొరికేవి, చరిత్ర గ్రంథాలు దొరికేవి, ఎవరో ప్రొఫెసరు చనిపోతే ఆయన గ్రంథాలయమంతా ఒకే గోనెపట్టా మీదికి వచ్చేది. ఇప్పుడు జిఆర్‌ఈ, టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ గైడ్లు నడుమెత్తు పేర్చి వుంటాయి. వాటిని అమ్ముకుని విమానమెక్కినవాళ్ళ పేర్లు మొదటి పేజీలో వుంటాయి, కొనుక్కుని ఎక్కబోయేవాళ్ళు వంగి ధర అడుగుతుంటారు.

ఆ మధ్య ఒక ఆదివారం ఆ గైడ్ల ప్రక్కన గొంతుకూర్చుని ఒక పొడుగాటి యువకుడు స్టాటిస్టిక్స్ పుస్తకం వెతుకుతున్నాడు. సూడాన్ వాడు. పుస్తకాలవాడితో హైదరాబాదీ ఉర్దూలోనే బేరమాడుతున్నాడు. మాట కలిపాను. ఇరానీ హోటల్లో చాయ్ తాగాం. నన్ను డబ్బులు ఇవ్వనివ్వలేదు. వాళ్ళ ఊరు ఓమ్‌దుర్మాన్. 2023 ఏప్రిల్లో అక్కడ యుద్ధం మొదలైన తర్వాత ఇంటి నుంచి డబ్బు రావడం ఆగిపోయింది. తండ్రి కొట్టు లేదు, తమ్ముడు ఎక్కడున్నాడో తెలియదు. ఇతని ఫీజు మాత్రం డాలర్లలో లెక్క. బకాయి కడితేగాని హాల్ టికెట్ ఇవ్వమన్నారు కాలేజీవారు. ఆ కాలేజీ పేరు ఇక్కడ చెప్పను. ఒక్క కాలేజీని తిట్టిపోస్తే తీరే జబ్బు కాదిది.

“నన్ను ఇక్కడ స్టూడెంట్ అనరు సర్, ఫారిన్ అంటారు. ఫారిన్ లైన్ అటు, ఫారిన్ ఫీజు ఇంత, ఫారిన్ వాళ్ళకు ఇల్లివ్వం,” అన్నాడు. ఫిర్యాదులా చెప్పలేదు. వివరం చెప్పినట్టు చెప్పాడు.

మేం నలుగురం రిటైరైన మాస్టర్లం చందాలు వేసుకుని ఆ బకాయి కట్టాం. అతను పరీక్ష రాశాడు. ఇది మా ఔదార్యం చాటుకోవడానికి రాయడం లేదు. ఒక విద్యార్థి పరీక్ష రాయడం నలుగురు ముసలివాళ్ళ పెన్షన్ మీద ఆధారపడిందంటే అది సిగ్గుపడవలసిన సంగతి. అందుకే రాస్తున్నాను.

ఇప్పుడు అసలు ప్రశ్న. విదేశీ విద్యార్థి మనకు ఎందుకు కావాలి?

పాలకుల దగ్గర రెండు సమాధానాలు వున్నాయి. ఒకటి, విదేశీ మారకం వస్తుంది. రెండు, ర్యాంకు పెరుగుతుంది. ప్రపంచ విశ్వవిద్యాలయాలకు ర్యాంకులు కట్టే సంస్థలు విదేశీ విద్యార్థుల శాతానికి కూడా మార్కులు వేస్తాయి. అంచేత 2022లో యుజిసి, మంజూరైన సీట్లకు పైన 25 శాతం దాకా విదేశీయులకు అదనపు సీట్లు పెట్టుకోవచ్చన్నది. సీట్లు పెంచమన్నది సరే, ఆ అదనపు విద్యార్థులకు పాఠం చెప్పే అదనపు మాస్టరు ఎవరు? 2023లో విదేశీ విశ్వవిద్యాలయాలు మన గడ్డమీద శాఖలు తెరవడానికి నిబంధనలు చేశారు. ఫీజు వాళ్ళిష్టం, నియామకాలు వాళ్ళిష్టం, రిజర్వేషన్ల నిర్బంధం లేదు, మిగిలిన డబ్బు తమ దేశానికి పంపుకోవచ్చు. వచ్చే పిల్లవాడి దగ్గర డాలర్లు పుచ్చుకోవడం, మన పిల్లవాడి రూపాయలను డాలర్లుగా బయటికి పంపడం రెండూ ఒకే చట్రంలో ఇరుసులు. విద్య సరుకు, విద్యార్థి ఖాతాదారు.

ఇంతకూ ఆ సరుకు నాణ్యమెంత? అబిడ్స్ నుంచి నాంపల్లి ఎంతో దూరం లేదు. నాంపల్లిలో ఇంటర్మీడియేట్ బోర్డు వుంది. 2019 ఏప్రిల్ 18న ఆ బోర్డు ఫలితాలు ప్రకటించింది. తొమ్మిది లక్షల పైచిలుకు పిల్లలు రాసిన పరీక్ష అది. మూడు లక్షలకు పైగా తప్పారు. తెలుగులో సున్నా పడిన ఒక అమ్మాయికి మళ్ళీ చూస్తే 99 మార్కులు వున్నాయి. పరీక్ష రాసినవాళ్ళు రాయనట్టు, రాయనివాళ్ళు తప్పినట్టు జాబితాలు వచ్చాయి. ఫలితాల పని అప్పగించింది ప్రైవేటు కంపెనీకి. లోపాలు జరిగాయని ప్రభుత్వం వేసిన త్రిసభ్య సంఘమే తేల్చింది. తప్పినవారి పేపర్లన్నీ తిరిగి చూస్తే వెయ్యిమందికి పైగా ప్యాసయ్యారు. ఈలోగా ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ రోజుల్లో బోర్డు గేటు ముందు నిలబడిన తల్లిదండ్రులను నేను చూశాను. వాళ్ళ చేతుల్లో వున్నది ఒక్క కాగితం, దాని మీద ఒక్క అంకె.

ఆ గేటు దాటి విశ్వవిద్యాలయానికి పోదాం. ఉస్మానియా 1919లో తరగతులు ప్రారంభించినప్పుడు దానికి క్యాంపస్ లేదు, ఆర్ట్స్ కాలేజీ భవనం లేదు. అబిడ్స్‌కు కూతవేటు దూరంలో, బషీర్‌బాగ్‌లో, నిజాం కాలేజీ ప్రక్క భవనంలో 225 మంది విద్యార్థులు, 25 మంది అధ్యాపకులు. తొమ్మిది మందికి ఒక మాస్టరు. ఇది నిజాం రాజ్యాన్ని పొగడటం కాదు. ఆ విశ్వవిద్యాలయం దేశభాషలో ఉన్నత విద్య సాధ్యమని ఋజువు చేసింది, కాని ఆ భాష ప్రజల్లో అత్యధికులది కాదు. తెలుగు రైతు బిడ్డకు అందులో చోటు ఎంత తక్కువో మన పెద్దలకు తెలుసు. అయినా ఒక్క విషయం ఒప్పుకోవాలి. భవనానికి ముందు మాస్టర్లను వెతికారు, మాస్టర్లకు పుస్తకాలు వుండాలని అనువాద శాఖ పెట్టారు. నేటి పద్ధతి తిరగబడింది. 2022–23 నాటికి తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మంజూరైన అధ్యాపక పోస్టుల్లో సుమారు మూడింట రెండు వంతులు ఖాళీ. ఉమ్మడి నియామక మండలి పెడతామని 2022 సెప్టెంబరులో శాసనసభ బిల్లు చేస్తే, అది గవర్నరు కార్యాలయంలో నెలల తరబడి పడివుంది. పాఠాలు చెప్పేది కాంట్రాక్టు మాస్టర్లు, పార్ట్‌టైం మాస్టర్లు. ఇల్లంతా ఖాళీగా పెట్టుకుని గుమ్మానికి తోరణాలు కట్టి అతిథులను పిలిస్తే ఎవరొస్తారు?

మన పిల్లలు బయటికి పోవడానికి కారణం కూడా ఇక్కడే వుంది. పోయేవాళ్ళను నేను తప్పుపట్టను. మూడు తరాలుగా పై కులాల పిల్లలు విమానమెక్కుతుంటే నోరెత్తనివారు, అంబేద్కర్ పేరిట విదేశీ విద్యానిధి ద్వారా ఒక దళిత విద్యార్థికి 20 లక్షలు ఇచ్చేసరికి ప్రజాధనం గురించి బాధపడిపోతారు. ఆ బాధ బూటకం. నా బాధ వేరు. ఈ పోక వెనక ఒక దళారీ వ్యవస్థ వుంది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీని అక్కడి అధికారులు మూయించారు. అందులో చేరినవారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్ విద్యార్థులే. కొందరి కాళ్ళకు రేడియో కడియాలు తొడిగారు. 2019లో మిచిగన్ రాష్ట్రంలో ‘ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం’ అసలు విశ్వవిద్యాలయమే కాదని తేలింది. పట్టుకోవడానికి అమెరికా ప్రభుత్వమే పన్నిన వల అది. అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులు, వారిలో తెలుగు పిల్లలు చాలామంది. ఆ తర్వాత కూడా తాకిడి తగ్గలేదు. 2023–24లో అమెరికాలో చదువుతున్న మన విద్యార్థులు 3,31,602 మంది. ఇంటి పొలం అమ్మి, బ్యాంకు అప్పు తెచ్చి, పరాయి దేశంలో ‘ఫారిన్’ అనిపించుకోవడానికి పోతున్నారు. అబిడ్స్‌లో ఆ సూడాన్ యువకుడు చెప్పిన మాటనే అక్కడ మన పిల్లలు చెబుతున్నారు. ఈ రెండు దుఃఖాలూ ఒకటేనని గ్రహించడం మన మొదటి పని.

ఇక్కడ మన శిబిరంలోనే కొందరు మిత్రులు ఒక మాట అంటారు. “మన పిల్లలకే హాస్టళ్ళు లేవు, వాళ్ళెందుకు మధ్యలో?” ఇది పైకి పేదల పక్షంలా వినబడుతుంది. 1952లో ఈ నగరంలో ‘గైర్‌ముల్కీ గో బ్యాక్’ అన్న నినాదం వెనక ఉద్యోగాల విషయంలో నిజమైన అన్యాయం వుంది. కాని చదువుకోవడానికి వచ్చినవాడు ఎవరి ఉద్యోగమూ లాక్కోలేదు. హాస్టలు లేకపోవడానికి కారణం ప్రక్క గదిలోని యెమెన్ విద్యార్థి కాదు, హాస్టలు కట్టని ప్రభుత్వం. జాతీయ ఆదాయంలో ఆరు శాతం విద్యకు ఖర్చు పెట్టాలని కొఠారీ కమిషన్ 1966లో చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం అదే ఆరు శాతాన్ని మళ్ళీ కాగితం మీద రాసింది. అర్ధ శతాబ్దం పైగా అందని ఆ బకాయి సంగతి అడగకుండా పరదేశి విద్యార్థి మీద విరుచుకుపడటం, యజమానిని వదిలి తోటి కూలీతో తగాదా పెట్టుకోవడమే.

చరిత్ర కొంచెం గుర్తుచేసుకుందాం. 1938లో హైదరాబాదులో రెండు సంఘటనలు జరిగాయి. రెండూ మనకు పాఠాలే.

మొదటిది. ఉస్మానియా పట్టభద్రుల సంఘంవారు రాష్ట్రంలో ఆర్థిక సర్వే చేయాలనుకున్నారు. చేతిలో డబ్బు లేదు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో స్థానిక వస్తువులతో ఒక ప్రదర్శన పెట్టారు. దాని పేరు ‘నుమాయిష్ మస్నూఆతే ముల్కీ’. 1946లో అది ఇప్పటి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు మారింది. ప్రతి జనవరిలో మనం గాజులకూ దుప్పట్లకూ పోయే ఆ నుమాయిష్ రాబడితోనే ఎగ్జిబిషన్ సొసైటీ కళాశాలలు నడుపుతున్నది. 1954లో మొదలైన వనితా మహావిద్యాలయ అందులో ఒకటి, ఆ మైదానంలోనే వుంది. ఆ సొసైటీలో లోపాలు లేవని నేను అనడం లేదు. కాని దిశ చూడండి. అక్కడ సంత జరిపి ఆ డబ్బుతో చదువు నిలబెట్టారు. ఇవాళ నక్షత్రాల హోటళ్ళలో జరిగే ‘ఎడ్యుకేషన్ ఫెయిర్’లో చదువునే సంతలో పెట్టారు. పేరుకు రెండూ నుమాయిషులే. ఒకదానిలో దుప్పటి అమ్మితే బడి పెరిగింది, రెండోదానిలో బడినే దుప్పటిలా పరిచి బేరమాడుతున్నారు.

రెండో సంఘటన. అదే ఏడాది చివర ఉస్మానియా హాస్టళ్ళలో వందేమాతరం పాడినందుకు వందలాది విద్యార్థులను బహిష్కరించారు. నిజాం రాజ్యంలో వారికి చదువు మూసుకుపోయింది. అప్పుడు వారిని చేర్చుకున్నది నాగపూర్ విశ్వవిద్యాలయం. నాగపూర్ బ్రిటిష్ ఇండియాలోది, వీరు నిజాం ప్రజలు. అక్కడి లెక్కలో మనవాళ్ళే గైర్‌ముల్కీలు. వారిలో తర్వాత ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు వున్నారు. బహిష్కృతుల్లో రైతాంగ సాయుధ పోరాటంలోకి పోయినవారూ వున్నారు. నాగపూర్‌వారు ర్యాంకు చూసుకోలేదు, మారకం రేటు చూసుకోలేదు. తరుమబడ్డ విద్యార్థులు వచ్చారు, చేర్చుకున్నారు. విశ్వవిద్యాలయం అన్న మాటలో ‘విశ్వం’ అంటే అదీ అర్థం.

ఆ పాఠం మనకు ఎంత వంటబట్టిందో 2021 ఆగస్టులో తెలిసింది. కాబూల్ తాలిబాన్ల వశమైన పది రోజులకు, అంతకుముందు ఆఫ్ఘన్లకు ఇచ్చిన వీసాలన్నిటినీ మన ప్రభుత్వం చెల్లనివిగా ప్రకటించింది. సెలవుల్లో ఇంటికి పోయి, మన విశ్వవిద్యాలయాల్లో పేరుండి కూడా తిరిగి రాలేకపోయిన విద్యార్థులు వందలమంది. వారిలో ఆడపిల్లలూ వున్నారు. వాళ్ళ దేశంలో విశ్వవిద్యాలయం తలుపు వాళ్ళకు తర్వాత పూర్తిగా మూసేశారు. 1938లో నాగపూర్ చేసిన పని 2021లో మనం చేయవలసివుంది. చేయలేదు. 2024 మార్చిలో గుజరాత్ విశ్వవిద్యాలయం హాస్టలులో నమాజు చేసుకుంటున్న విదేశీ విద్యార్థులను కొట్టారు. ఆఫ్రికా వాళ్ళు, ఉజ్బెకిస్తాన్ వాళ్ళు, శ్రీలంక వాళ్ళు అందులో వున్నారు. దెబ్బలు తిన్న విద్యార్థి తన ఊరికి రాసే ఒక్క ఉత్తరం ముందు ఎన్ని పూర్తి పేజీ ప్రకటనలు నిలుస్తాయి?

1950లో మౌలానా ఆజాద్ సాంస్కృతిక సంబంధాల మండలిని స్థాపించినప్పుడు మన దేశం ఇప్పటికంటే చాలా పేదది. అయినా ఆసియా ఆఫ్రికా దేశాల పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇచ్చాం. మలావీలో నియంతృత్వం నుంచి తప్పించుకున్న బింగు వా ముతారికా ఢిల్లీలో చదివి, తర్వాత తన దేశానికి అధ్యక్షుడయ్యాడు. అప్పుడు మన ప్రభుత్వాలు నిర్దోషులని నేను చెప్పను. కాని వలస పాలన నుంచి బయటపడ్డ దేశం మరొక అటువంటి దేశపు పిల్లవాణ్ణి ఖాతాదారుగా చూడకూడదన్న లజ్జ ఆనాడు వుండేది.

అందుచేత నేను చెప్పేది ఇదీ. విదేశీ విద్యార్థులు రావాలి. ఇంకా ఎక్కువమంది రావాలి. కాని వారిని రప్పించేది ప్రకటన కాదు, పాఠం. ఖాళీ పోస్టులు నింపండి. పేద దేశాల నుంచీ యుద్ధభూముల నుంచీ వచ్చినవారి దగ్గర మన విద్యార్థి కట్టే ఫీజే తీసుకోండి. ఫీజు బకాయి వుందని ఏ దేశపు విద్యార్థికీ హాల్ టికెట్ ఆపకండి. చేరిన విద్యార్థి వీసాను అతని దేశంలో ఎవరు గద్దెనెక్కారన్న దాన్ని బట్టి రద్దు చేయకండి. సొంత పిల్లలకు మంచి బడి పెట్టిన ఊరికే పొరుగూరి పిల్లలు వస్తారు. ఇందుకు రుజువు కావాలంటే ఏ పల్లెటూరి బడిపంతులునైనా అడగండి.

విద్యార్థి మిత్రులకూ, ఉపాధ్యాయ సోదర సోదరీమణులకూ ఒక మాట. ఇవన్నీ ప్రభుత్వం చేయవలసినవని ఊరుకోవద్దు. మీ ఫీజుల పోరాటపు కరపత్రంలో ‘ఫారిన్’ ఫీజు గురించి ఒక్క వాక్యమైనా వుందా? మీ సంఘం సభలో సూడాన్ విద్యార్థి ఎప్పుడైనా మాట్లాడాడా? అతని ఇంటి అద్దె సమస్య, మన దళిత విద్యార్థికి గది దొరకని సమస్య ఒకే వీధిలో, ఒకే యజమాని నోటినుంచి వచ్చిన సమస్య కాదా?

ఆ యువకుడు ఇంకా ఈ నగరంలోనే వున్నాడు. కొన్ని ఆదివారాలు అబిడ్స్‌లో కనబడతాడు. స్టాటిస్టిక్స్ పుస్తకం దొరికింది, ఇప్పుడు ఎకనామెట్రిక్స్ కోసం వెతుకుతున్నాడు. వచ్చే సెమిస్టరు ఫీజు తేదీ దగ్గరపడుతున్నది. మేం నలుగురం మళ్ళీ చందాలు వేసుకోగలం. వేసుకుంటాం కూడా. కాని ఈసారి చందా పుస్తకంతోపాటు ఒక విజ్ఞాపన కాగితం కూడా వెంట తెస్తున్నాం. సంతకాలకు స్థలం చాలా వుంది.